పడుకుని తీసిన కొలత

నేను తండా నేల మీద కాళ్లు, చేతులు చాపి వెల్లకిలా పడుకున్నాను. మేస్త్రి బిచ్చా నా చుట్టూ పునాదికి ముగ్గు పోస్తున్నాడు.

చవక ఇళ్ల కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే. ఏడో తరగతి తప్పినవాడికి కోదాడలో ఇంతకంటే పెద్ద పదవి దొరకదు. సిమెంటు మిగలాలంటే గదిలో ఒక మనిషి పడుకునేంత చోటుంటే చాలని తీర్మానం చేసిందీ నేనే.

ఆ ఇల్లు రావలసిన భూలి వచ్చి నా తలాపున నిలబడింది.

"గిదేంది సారూ, బొందకు ముగ్గు పోస్తున్నరా?"

"నీ ఇల్లేనమ్మా. నేను పట్టినంక నువ్వు పట్టవా?"

"నేను పడతగానీ, మా అత్త, నా పెనిమిటి, ముగ్గురు పోరగాండ్లు యాడ పండుకోవాలె?"

బిచ్చా మొహం తిప్పుకుని నవ్వాడు. భూలి మాత్రం వదల్లేదు.

"కొలిసేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉంటదని యాదికి రాలేదా సారూ?"

రాలేదు. నా భార్య రాధమ్మ మిర్యాలగూడలో పుట్టింట్లోనే ఉండిపోయిన నాటి నుంచి, ఇల్లంటే నా లెక్కలో ఒక్క మనిషే.

లేచి, వీపు దులుపుకున్నాను. నేను పడుకున్న చోటు నిజంగానే శవాన్ని పూడ్చే బొందలా ఉంది.

"మీవాళ్లందర్నీ పిలువు. పక్కపక్కన పండుకోండ్రి."

పిల్లలు కిలకిల నవ్వుతూ వాళ్ల నాయనమ్మ పక్కన దొర్లారు. బిచ్చా వాళ్ల చుట్టూ వంగి కొత్త గీత పోస్తుంటే, అధ్యక్షుల వారు వెనకాలే ముగ్గు తట్ట మోశారు.