ఏడో వరస

"అప్పుడే ఖాళీ చేసేశావా నాన్నా?"

కూతురు సీసాను తలకిందులు చేసి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు. ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు. కిడ్నీలు మూలపడ్డ మనిషికి రోజంతటికీ ఆ ఒక్క సీసాడు నీళ్లేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. అంతకు మించితే కాళ్లు వాస్తాయి, ఊపిరి అందదు.

"దాహమేసిందమ్మా."

"దాహమేస్తే గొంతు తడుపుకోవాలి. గటగటా తాగేస్తారా ఎవరైనా? నీకంటే పసిపిల్లలు నయం."

ముప్ఫై ఏళ్లు బస్సు తోలి, ఎక్కిన ప్రతివాణ్ణీ గదమాయించిన మనిషి, ఇప్పుడు టికెట్టు లేకుండా పట్టుబడ్డవాడిలా కూతురి ముందు తలొంచుకు కూర్చున్నాడు.

ఇంట్లో ఒంటరిగా వదిలితే బిందె ఎత్తి తాగేస్తాడని ఆమె భయం. అందుకే రోజూ తనతోపాటు పంటల పరిశోధన కేంద్రానికి వెంటబెట్టుకొస్తోంది. ఆయన్ని కూర్చోబెట్టడానికి ఆమె పనిచేసే గాజు షెడ్డుకు మించిన చోటు లేదు. అందులో కుళాయి లేదు, ఉండకూడదు కూడా. అక్కడ జరిగేది కరువు పరీక్ష. వరసకో రకం చొప్పున కుండీల్లో జొన్న వేసి, మోకాలెత్తు పెరిగాక నీళ్లు పూర్తిగా ఆపేస్తారు.

"పెంచేది చంపడానికా?" అని మొదటి రోజే అడిగాడు పెద్దాయన.

"చావనిది ఏదో తెలుసుకోడానికి. పోయినేడు అన్నీ మాడిపోయాయి నాన్నా. ఈసారి ఒక్క వరసైనా నిలబడకపోతే వాటితోపాటే నన్నూ పంపించేస్తానని డైరెక్టరు మొహం మీదే చెప్పాడు."

చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఇద్దరి మందులకూ మెతుకులకూ ఆ జీతమే దిక్కు. పెద్దాయన ఓదార్చలేదు. ఓదార్చడం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు. కాసేపటికి లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి తలుపు దగ్గర, ఏడో వరస పక్కన వేసుకున్నాడు. గాలి కోసం కాబోలు అనుకుందామె.

నీళ్ల గొడవ మాత్రం తెగలేదు. చెప్పినకొద్దీ చెడినట్టు, సీసా రోజూ పొద్దెక్కకముందే ఖాళీ అయ్యేది. బతిమాలింది, కోప్పడింది, అన్నం తిననని బెదిరించింది. చివరికి శిక్షగా సగం సీసానే నింపడం మొదలుపెట్టింది. అదీ అంతే. పెద్దాయన పెదవులు పగిలాయి, నాలుక మందగించి మాట ముద్దగా వచ్చేది.

"సీసా నిండా పొయ్యమ్మా," అన్నాడొక రోజు. కూతుర్ని ఆయన నోరు తెరిచి అడిగింది జన్మలో అదొక్కటే.

"నీ మేలు కోరే పొయ్యట్లేదు," అంది, కరగకుండా. ఆ రోజు తన మనోనిబ్బరాన్ని తనే మెచ్చుకుంది కూడా.

షెడ్డులో వరసలు ఒకదాని వెనక ఒకటి తల వాల్చాయి. ఏడో వరస మాత్రం పచ్చగా నిలబడింది. తన కళ్లను తనే నమ్మలేకపోయింది. డైరెక్టరు పరుగున వచ్చి ఆకు తుంచి చూశాడు, వాసన చూశాడు, పిల్లాడిలా నవ్వాడు.

"కుండీలు రోజూ తూస్తున్నారుగా? చుక్క నీరు పడ్డా బరువులోనే తెలిసిపోవాలి."

"రోజూ తూస్తున్నాం సార్."

తూచడం ఎప్పుడో మానేసింది. కుండీలెత్తి దించేసరికి నడుం పడిపోతోంది. పైగా షెడ్డుకు తాళం, తాళంచెవి తన కొంగున. ఇంకెందుకా చాకిరీ అనుకుంది.

ఆ రకం విత్తనం గోదాములో బస్తాలకొద్దీ మూలుగుతోంది. నీళ్లడగని జొన్న అని పేరు పెట్టి, వానలు మొహం చాటేసిన పల్లెలకు లారీలకెత్తారు. ఉన్న గింజలు తిని, ఉన్న పశువులు అమ్మి, ఇక అమ్మడానికేమీ లేని రైతులు మిగిలిన ఆశంతా కలిపి అదే విత్తారు. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఆ కబురు ముందుగా తండ్రికే చెప్పింది.

"ఇక నిన్ను తీసేయరుగా?"

"ఎవరి తరమూ కాదు నాన్నా."

పెద్దాయన నవ్వబోయాడు. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. మర్నాడు కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

"నీళ్లు తగ్గించమన్నాను. మాన్పించమన్నానా?" అన్నాడు డాక్టరు. "ఒళ్లు ఎండుకట్టెలా ఉంది. ఎన్నాళ్లయింది ఈయన గుక్కెడు తాగి?"

"రోజూ తాగేవారు డాక్టరుగారూ. సీసా ఖాళీ చేసేవారు. అందుకే కదా నేను తిట్టేదాన్ని."

డాక్టరు ఆమె వంక అదోలా చూసి వెళ్లిపోయాడు. ఆ చూపు ఆమెను దహించింది. కన్నతండ్రిని కళ్లలో పెట్టుకుని చూసుకున్న తనకా ఈ నింద? ఇంటికొచ్చి తలుపేసుకుని, అన్నం నీళ్లు ముట్టకుండా పడి ఏడ్చింది. అన్ని తిట్లు ఎందుకు తిట్టానా అని ఏడ్చింది, తిట్టినా వినలేదే అని ఏడ్చింది.

రెండో వారంలో డైరెక్టరు కబురంపాడు. బాధలో ఉన్నారని తెలుసు, కానీ నీళ్లడగని జొన్నను కళ్లారా చూడాలని దూరాల నుంచి పెద్దలొచ్చారు, తాళంచెవి మీ దగ్గరే ఉంది, ఒక్క గంట వచ్చి వెళ్లండి అన్నాడు.

ఆమె మొహం కడుక్కుని వెళ్లింది. వెనక పెద్దలు, వాళ్ల వెనక ఫొటోలు తీసేవాళ్లు. తాళం తీసి తలుపు తోసింది. నాన్న కుర్చీ ఉన్నచోటే ఉంది, కింద ఖాళీ సీసా దొర్లి ఉంది.

ఏడో వరస నిలువునా ఎండిపోయి ఉంది.