ఓరెస్తే గీసిన స్నానశాల

“పని ఆపండి! గొయ్యిలోంచి అందరూ పైకి రండి!”

పురావస్తు శాఖ అధికారిణి మాల్వెజ్జి మేడమ్ పెట్టిన కేకకి పెరట్లో గునపాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. లిఫ్ట్ కోసం తవ్వుతున్న గొయ్యి ఇంకా మోకాలి లోతు కూడా కాలేదు. ఓరెస్తే గబగబా గొయ్యి దగ్గరికి వచ్చాడు. ఆ లిఫ్ట్ వస్తే తప్ప, నాలుగో అంతస్తులో చక్రాల కుర్చీలో ఉన్న అతని భార్య నీవెస్ నేల మీదికి దిగలేదు. నడుం విరిగిన దగ్గర్నుంచీ ఆమెకి రోమ్ అంటే కిటికీలోంచి కనిపించే ఈ పెరడే.

“ఎందుకాపాలి మేడమ్? అనుమతులన్నీ ఉన్నాయి కదా!”

ఆవిడ చేతిలో ఉన్న నవల తెరిచి, మొదట్లో ఉన్న రంగుల మ్యాప్ అతని ముక్కు దగ్గర పెట్టింది. నీరో కాలం నాటి రోమ్ అది. వీధులు, వంతెనలు, గుళ్లు, గుర్రబ్బళ్లు, అన్నీ కళ్లకి కట్టినట్టున్నాయి.

“ఇది గీసింది మీరేనా?”

“నేనే. చారిత్రక నవలలకి బొమ్మలూ మ్యాపులూ గీయడమే నా పని.”

“మరి ఇదేంటి?” ఆవిడ వేలు పెట్టిన చోట ఓ బుల్లి స్నానశాల ఉంది, పైకి లేస్తున్న పొగతో సహా. “కొలిచి చూశాం. సరిగ్గా మీ లిఫ్ట్ గొయ్యి కిందే ఉంది.”

ఓరెస్తే నెత్తి కొట్టుకున్నాడు. “అయ్యో, అది ఉత్తుత్తి స్నానశాల మేడమ్! హంతకుడు దాక్కోడానికి ఓ చోటు కావాలన్నాడు రచయిత. మా పెరడు ఖాళీగా కనిపించింది, పెట్టేశాను. మా ఆవిడ చూసి నవ్వుతుందని!”

“నవ్వాను కూడా!” నాలుగో అంతస్తు కిటికీలోంచి నీవెస్ అరిచింది. “ఇప్పుడేమో ఏడుపొస్తోంది!”

కింది వాటాలో ఉండే వకీలు తొఫానీ కాఫీ కప్పుతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లిఫ్ట్ కడితే తన కిటికీకి ఎండ రాదని మొదట్నుంచీ గోల పెడుతున్న మహానుభావుడు. ఆ నవల మేడమ్‌కి ఎవరు చేరవేశారో వేరే చెప్పక్కర్లేదు.

“ఊహించి గీశాడంట పాపం,” అన్నాడు తొఫానీ తాపీగా. “ఊహించి గీసేవాడు పైకప్పు మీద విరిగిన పెంకు కూడా గీస్తాడా మేడమ్? ఆ గోడ మీద నాచు చూడండి. చూడకుండా ఎవడికి సాధ్యం?”

“చూడ్డానికి నేనేమన్నా నీరో కాలంలో పుట్టానా? బుర్రుందా నీకు?”

“మాటలొద్దు,” అంది మేడమ్. “రచయితనే అడుగుదాం.”

అమ్మయ్య అనుకున్నాడు ఓరెస్తే. తనే నంబరు కలిపి, అందరికీ వినిపించేలా ఫోన్ పైకెత్తాడు. “బాబూ, ఆ స్నానశాల సంగతి కాస్త మేడమ్‌కి చెప్పు. మనం కల్పించిందే కదా?”

అవతల రచయిత అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. “కల్పించడమా! ఎవరయ్యా ఆ మాటన్నది? ఆధారం లేకుండా నా నవలలో ఒక్క ఇటుక కూడా ఉండదు మేడమ్! కావాలంటే పేపర్లో వేసుకోండి!” ఫోన్ పెట్టేశాడు.

ఓరెస్తే ఫోన్ కిందికి దించాడు. విరిగిన పెంకులు, నాచు, పొగ, ఇన్నేళ్లూ జనం భేష్ అన్నవన్నీ తన పీకకే చుట్టుకున్నాయి. తన చేత్తో తనే నీవెస్‌ని ఆ కిటికీకి కట్టేశాడు. అంతకన్నా ఏడుపు ఏముంటుంది?

గునపాలు పోయాయి, కుంచెలూ బుల్లి తాపీలూ వచ్చాయి. మేడమ్ మనుషులు చెంచాతో పులుసు తీసినట్టు మట్టి తీయడం మొదలెట్టారు. బతుకంతా పాత రోమ్‌ని పిచ్చిగా ప్రేమించిన ఓరెస్తే, ఇప్పుడు పొద్దున్నే చర్చికెళ్లి, ఒక్క ఇటుక కూడా బయటపడకూడదు తల్లీ అని మేరీమాతకి కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు. గొయ్యి నడుం దాటింది, తల దాటింది. తొఫానీ రోజూ గట్టు మీదికొచ్చి తొంగి చూసి, “దొరుకుతుంది, దొరుకుతుంది,” అని పోతున్నాడు.

చివరికి ఓ శుక్రవారం మేడమ్ నిచ్చెనెక్కి పైకొచ్చింది. మోకాళ్లకంటిన మట్టి దులుపుకుంది.

“ఏమీ లేదు ఓరెస్తే గారూ.”

“అంటే... స్నానశాల?”

“లేదు. గోడ లేదు, గొట్టం లేదు. పెంకు ముక్క కూడా లేదు. మీరు చెప్పిందే నిజం.”

ఓరెస్తే ఆవిడ మట్టి చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. “నీవెస్! ఏమీ లేదంట! ఏమీ లేదు!”

“ఒట్టు?”

“ఒట్టు!”

“అయితే లిఫ్ట్ రాగానే మొదట బజారుకే!” కిటికీలో నీవెస్ ఏడుస్తూ నవ్వుతోంది. “కూరలు నా చేత్తో నేనే ఏరుకుంటా. నువ్వు తెచ్చే పుచ్చులు తినలేక చస్తున్నా!”

తొఫానీ గుమ్మం తలుపు ధడాలున మూసుకుంది. ఓరెస్తే కూలీల మేస్త్రీకి ఫోన్ చేయబోతూ, మేడమ్ వైపు చూసి ఆగాడు. ఆవిడ గొయ్యి నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టించి, ఎర్ర పట్టీ చుట్టిస్తోంది.

“అదేంటి మేడమ్? ఏమీ లేదన్నారుగా?”

మేడమ్ ఆ ఖాళీ గొయ్యి వైపు భక్తిగా చూసింది. “ముప్పై ఏళ్లుగా తవ్వుతున్నానయ్యా. రోమ్‌లో ఏమీ దొరకని చోటు చూడ్డం ఇదే మొదటిసారి. ఇక ఇక్కడ ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వను!”