కట్టాల్సిన రోజు

పొద్దున్నే బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. ఆన్‌లైన్‌లో పంపిన పన్ను సొమ్ము వెనక్కి తిరిగొచ్చిందట.

ఆర్విల్ స్టాంపర్ బల్ల మీద గట్టిగా గుద్దాడు. కొండల మధ్య ఉన్న ఆ ఊళ్లో కలప మిల్లు అతనిది.

"గడువు పెంచమని అడగలేమా?" అన్నాడు లెక్కలు చూసే వాండాతో.

"రిటర్ను వేయడానికైతే అడగొచ్చండీ. డబ్బు కట్టడానికి గడువు పెంచరు. రాష్ట్రానికి కంపెనీ ఆదాయప్పన్ను ఇవాళే కట్టాలి. సాయంత్రం ఐదులోపు రాజధానిలో పన్నుల ఆఫీసు కౌంటర్ దగ్గర చెక్కు ఇచ్చేస్తే గండం గడుస్తుంది. లేకపోతే జరిమానా, దాని మీద వడ్డీ."

"దోచుకోవడానికి మాత్రం తారీఖు తప్పరు."

మధ్యాహ్నం చెక్కు జేబులో పెట్టుకుని బయలుదేరాడు. వారంగా ముసురు. ఏరు ఎర్రగా ఒడ్డులొరుసుకుని పారుతోంది.

వంతెన మొదట్లో ఓ పాత ట్రక్కు రోడ్డుకి అడ్డంగా ఉంది. దాని ముందు ఒక ముసలాయన, చేతిలో ఎర్ర జెండా. ఒంటి మీద వెలిసిపోయిన నారింజ రంగు కోటు, దాని మీద రోడ్ల శాఖ గుర్తు.

"బండి తియ్యి" అన్నాడు ఆర్విల్, అద్దం దించి.

"వంతెన మూసేశానండీ. నడిమి స్తంభం కింద మట్టి కొట్టుకుపోతోంది. కొండ దారిన తిరిగి వెళ్లండి."

"ఆ దారిన పోతే గంట పైన ఎక్కువ పడుతుంది. ఐదింటికి పన్ను కట్టాలయ్యా నేను. ఆలస్యమైతే జరిమానా నువ్వు కడతావా?"

"కట్టలేను. బండి కూడా తియ్యలేను."

ఆర్విల్ దిగి, తలుపు దఢాలున వేశాడు.

"నీ పేరేంటి?"

"బర్ల్ వీజీ."

"చూడు బర్ల్. నాలుగేళ్ల కిందట నేనూ, ఈ జిల్లా వ్యాపారులూ అందరం రాజధానిలో కూర్చుని పోట్లాడి ఆ పన్ను తగ్గించుకున్నాం. తగ్గినా ఇంకా కడుతూనే ఉన్నాను. ఎందుకు? వానలో జెండా పట్టుకుని ఊరికే నిలబడే నీలాంటి వాళ్లని మేపడానికి. నువ్వు తినే తిండి నాది. అర్థమైందా?"

ముసలాయన దవడ బిగుసుకుంది.

"తిట్టడం అయిందా? అయితే బండి వెనక్కి తిప్పండి."

"రేపు ఈ పాటికి నీ ఉద్యోగం ఊడకపోతే నా పేరు మార్చుకుంటాను."

బర్ల్ ఏదో అనబోయి, జెండాతో కొండ దారి చూపించాడు.

కొండ దారి నిండా బురదే. తిట్టుకుంటూ చుట్టూ తిరిగి ఆర్విల్ ఏటి అవతలి గట్టుకి వచ్చాడు. వంతెన ఈ కొసన కూడా చెక్క అడ్డాలు పెట్టి, వాటికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. అది చూడగానే ఒళ్లు మండిపోయింది. దిగి అడ్డాలని ఒక్కొక్కటీ ఎత్తి పక్కనున్న కాలవలోకి విసిరేశాడు.

అప్పటికి గానీ కసి తీరలేదు.

రాజధాని చేరేసరికి కౌంటర్ అద్దం దించేసి ఉంది. లోపల అమ్మాయి పర్సు సర్దుకుంటోంది.

"ఒక్క చెక్కు తీసుకోమ్మా. మీ సర్కారు మనిషే దారికి అడ్డం నిలబడ్డాడు."

"ఇవాళ్టికి అయిపోయిందండీ. రేపు జరిమానాతో కట్టండి."

అద్దం మీద గుద్దాడు. కాపలావాడు వచ్చి భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. మెట్ల మీద నిలబడి రోడ్ల శాఖకి ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. బర్ల్ వీజీ అనేవాణ్ణి వెంటనే పీకెయ్యాలని, పేరు విడమర్చి మరీ మాటలు రికార్డు చేసే యంత్రంలోనే చెప్పి పెట్టాడు.

తిరిగి వస్తుంటే చీకటి పడబోతోంది. ఏటి గట్టున దీపాలు, జనం. వంతెన నడిమి భాగం లేదు.

మిల్లు కూలీల బండి గట్టున ఆగి ఉంది. దాన్ని నడిపే క్లీట్ తడిసి ముద్దై, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"అడవిలో పని అయిపోయి వస్తున్నామండీ. అడ్డాలేమీ లేవు. వంతెన ఎక్కబోతుంటే అవతలి గట్టు నుంచి ఓ ముసలాయన జెండా ఊపుకుంటూ వంతెన మీదే పరుగెత్తుకొచ్చాడు. మేం బ్రేకు వేశాం. ఆయన నడిమికి వచ్చేసరికి..."

క్లీట్ ఏటి వైపు చెయ్యి చూపించాడు.

బండిలో ఏడుగురు ఉన్నారు. ఆర్విల్ వాళ్ల ముఖాలు చూడలేక కాలవ వైపు తిరిగాడు. అటూ చూడలేకపోయాడు.

రెండో రోజు బర్ల్ శవం దొరికింది. అంత్యక్రియలు అయిన మర్నాడు ఆర్విల్ రోడ్ల శాఖ ఆఫీసుకి వెళ్లాడు. జిల్లా ఇంజనీరు నాడిన్ ప్రూయిట్ కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"ఆయన భార్యకి పెన్షన్ ఇవ్వాలి. ఉద్యోగంలో ఉండగా పోయాడు కాబట్టి ఎక్కువే ఇవ్వాలి. మీరు ఇవ్వనంటే నేనిక్కణ్ణుంచి కదలను."

"మేం ఇవ్వలేం స్టాంపర్ గారూ."

"ఏం, ఎందుకివ్వలేరు? నేను కట్టే పన్నంతా ఏమవుతోంది?"

నాడిన్ కళ్లు ఎర్రబడ్డాయి.

"బర్ల్ మా ఉద్యోగి కాదు. మూడేళ్ల కిందట ఖజానాలో డబ్బుల్లేవని వంతెనలు చూసేవాళ్లందర్నీ ఇంటికి పంపేశాం. అందులో మొదటి పేరు ఆయనదే."

"మరి ఆ రోజు ఆయన్ని అక్కడికి పంపిందెవరు?"

"ఎవరూ పంపలేదు. వాన పడ్డప్పుడల్లా తన డబ్బుతో పెట్రోలు పోసుకుని, ఆయనే వచ్చి వంతెన కింద చూసి పోయేవాడు."