చొక్కా అంచులో పిన్నీసు

కోతల కాలంలోనూ వానలు ఆగడం లేదు కాబట్టి, మా వైపు మిరపకాయలన్నీ ఇప్పుడు ఫ్యాక్టరీలో పెట్టిన మైక్రోవేవ్ సొరంగాల్లోనే ఆరుతున్నాయి. మా అమ్మాయి కోటేశ్వరికి ఆ సొరంగం నోట్లో కాయ పోసే పని. కంటికి కనిపించని ఆ వేడి పిల్ల ఒంట్లోకి దిగిపోతుందేమోనని నాకు పొద్దస్తమానం దడే. ఇనుము తోడుంటే ఏ కీడూ దగ్గరికి రాదంటారు. అందుకని దాని పని చొక్కా అంచులో, దానికి తెలియకుండా, ఒక పిన్నీసు పెట్టి కుట్టేశాను.

మధ్యాహ్నానికే అది మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"ఫ్యాక్టరీలో ఇనుము పసిగట్టే గేటు కూసిందమ్మా. అందరి ముందూ నిలబెట్టి తడిమి, ఇవాళ్టికి ఇంటికి పొమ్మన్నారు. ఆ పిన్నీసు జారి కాయలో పడితే నిప్పురవ్వలు లేచేయంట. ముందు కాలేది నేనే."

"నీ మంచికేగా తల్లీ..."

"నీ మంచి పాడుగాను! ఇంకోసారి కూస్తే పనిలోకి రావద్దన్నారు. రెండు నెలలు తిరిగితే దొరికిన పని."

మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని, గుమ్మంలో చేతులు చాపి నిలబడింది.

"నువ్వే తడిమి చూడు. ఇనుము ముక్క లేదని నీ నోటితో చెప్పు, పోతాను."

కాలరు నుంచి అంచు దాకా వేళ్ళతో నొక్కి చూశాను.

"ఏం లేదులే, పో" అన్నాను. ఏ కాపలా లేకుండా నా బిడ్డను నేనే పంపించాను.