తాళంచెవి అడగని కంప్యూటర్

కమాండర్ మిఫ్తాహ్ కంప్యూటర్‌ను మొదట చెంపమీద కొట్టాడు.

అది పలకలేదు. తుపాకి మడమతో నెత్తిమీద కొట్టాడు. అయినా తెరమీద అదే మాట: తాళంచెవి అంకెలు ఇవ్వండి, లేదా ఇంటర్నెట్‌కు కలపండి.

మిఫ్తాహ్ అంటే అరబ్బీలో తాళంచెవే. పేరునిండా తాళంచెవి ఉన్న మనిషి దగ్గర ఆ పెట్టెకి సరిపడేది మాత్రం లేదు. ఇంటర్నెట్ సంగతంటారా, గర్యాన్ కొండకింద అతని దళం వేసిన తనిఖీ గేటు దగ్గర నెట్టూ లేదు, నెట్టుకొచ్చే నాథుడూ లేడు. లారీమీద పెట్టిన ఇనప గది, దానిమీద ఎండ, అంతే.

"ఆరువందల దినార్లు పోసి కొన్నాం. అసలు సరుకురా ఇది," అన్నాడు మిఫ్తాహ్, అనుచరుడు జుమాతో.

"అసలుదే అన్నా. అసలు పనిచెయ్యట్లేదు, అంతే."

జుమాకీ ఒకటి పడింది.

ఆ పెట్టె కడుపులో దళం వెతుకుతున్నవాళ్ల జాబితా ఉంది. గేటు ముందు త్రిపోలి వెళ్లే బస్సు ఉంది. జాబితా తెరుచుకుంటేగానీ బస్సు కదలదు.

బస్సు మూడో వరసలో హాజీ అయ్యాద్. కిడ్నీలు రెండూ సెలవు పెట్టేసిన మనిషి. మూడింటికల్లా త్రిపోలి ఆస్పత్రిలో రక్తం కడిగించుకోవాలి. పక్కన కూతురు నజ్మియా.

"పన్నెండున్నర అయిపోయింది నాన్నా."

"నేనింకా అయిపోలేదుగా. కంగారుపడకు."

మిఫ్తాహ్ బస్సెక్కాడు.

"పెట్టె పలకడం లేదు. పావుగంట చూస్తా. తర్వాత మగాళ్లంతా గోదాముకి. అక్కడ మావాళ్లు నోటితోనే పలికిస్తారు."

పోయిన నెల ఆ గోదాముకి తొమ్మిదిమంది వెళ్లారు. చెప్పులు మాత్రం తిరిగొచ్చాయి.

"మా నాన్న రోగి," అంది నజ్మియా.

"రోగానికి మందుంది," అంటూ తుపాకి నిమిరాడు మిఫ్తాహ్.

వెనక వరసలో ఒకాయన ఏదో అనబోయాడు. జుమా అతని జుట్టు పట్టి ముందు సీటు కడ్డీకేసి కొట్టాడు. రెండోసారి కొట్టాక ఆయనకి అనడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు లేచాడు భుజానికి సంచీ తగిలించుకున్న మనిషి. మిజ్దాలో ఎక్కినప్పటినుంచీ పక్కవాళ్లెవరితోనూ మాట్లాడలేదు.

"నేను తెరుస్తా," అంటూ వేలెడంత పెన్‌డ్రైవ్ చూపించాడు. "దీన్లో కంప్యూటర్‌ని నడిపే వేరే వ్యవస్థ ఉంది. తాళంచెవి అడగదు. ఎవరి అనుమతీ అడగదు."

"ఎంతకి కొన్నావ్?"

"కొనలేదు. ఉచితం."

"ఈ రోడ్డుమీద ఉచితంగా దొరికేది తూటా ఒక్కటే. ఎవడిచ్చాడు?"

"వేలమంది కలిసి రాసి అందరికీ వదిలేశారు. లోపల ఏం రాశారో ఎవరైనా చదువుకోవచ్చు."

"చదవనిస్తున్నారంటే ఏదో మోసముందన్నా," అన్నాడు జుమా.

మిఫ్తాహ్ సంచీమనిషి మెడపట్టి దించాడు. వెనకే అందర్నీ దించి ఎండలో వరసగా నిలబెట్టారు. ఇనప గది తలుపు తెరిచే ఉంది.

లోపల సంచీమనిషి పెన్‌డ్రైవ్ గుచ్చగానే తెర నల్లబడింది. తెల్ల అక్షరాలు పుట్ట పగిలిన చీమల్లా పరుగెత్తాయి.

"శత్రువుకి కబురు పంపుతున్నాడన్నా!" అని అరిచాడు జుమా.

నెట్ లేనిచోట కబురెలా పోతుందని ఎవరూ అడగలేదు. తుపాకి మడమ సంచీమనిషి మూతిమీద పడింది. రెండు పళ్లు బల్లమీద దొర్లాయి. కుడిచేతిని బల్లకదిమి జుమా మళ్లీ కొట్టాడు. వేళ్లు విరిగిన చప్పుడు బయట వరసకి వినిపించింది.

సంచీమనిషి ఎడమచేత్తో మీటలు నొక్కడం మొదలుపెట్టాడు.

"నిద్రలేస్తోందన్నా. లేచేముందు ఒళ్లు విరుచుకుంటుంది, అంతే," అన్నాడు.

లేచింది. పాత డిస్కులోని జాబితా తెరుచుకుంది.

మిఫ్తాహ్ మొహం విచ్చుకుంది. తన గ్లాసులో టీ సంచీమనిషి ముందు పెట్టాడు. "కదలకు. నువ్వు మాకు పనికొస్తావ్."

జుమా గుర్తింపు కార్డులు చదువుతున్నాడు, మిఫ్తాహ్ తెరమీద వెతుకుతున్నాడు.

"అయ్యాద్, మిజ్దా."

"లేడు. పొమ్మను."

నజ్మియా తండ్రిని నడిపించుకుంటూ తలుపు దగ్గర ఆగింది. లోపల కుర్చీలో సంచీమనిషి, ముందు టీ, మూతి నిండా నెత్తురు.

"ఆ పెట్టె చచ్చుంటే రేపటి బస్సువాళ్లయినా బతికేవాళ్లు. లేపి వాళ్ల చేతికిచ్చావు. పళ్లతోబాటు సిగ్గూ రాలిందా?"

ఉమ్మింది. అది అతని చొక్కామీద పడింది.

"హాజీకి మూడింటికి కదమ్మా," అన్నాడు అతను, మాట సరిగా రాక. "త్వరగా ఎక్కండి."

సంచీమనిషిది తప్ప కార్డులన్నీ తీసుకుని డ్రైవర్ షీబానీ ఆఖర్న వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా బస్సు కదిలించాడు.

రెండో మలుపు తిరుగుతుండగా వెనక తుపాకి పేలింది. ఒక్కసారే.

"కొత్త కొలువు సంబరం," అంది నజ్మియా.

షీబానీ గేరు మార్చాడు. కొండ ఎక్కి, గర్యాన్ దాటాక బస్సు పక్కకి ఆపాడు. స్టీరింగ్‌మీద తల పెట్టుకున్నాడు.

"ఏమైంది మామా? నాన్నకి ఆలస్యమవుతోంది."

"గేటుకి ముందే దింపెయ్యమని, ఎందుకో చెప్పి మరీ, పొద్దున నన్ను బతిమాలాడు బిడ్డా. సరేనన్నా. ఇవాళ గేటే నాలుగు కిలోమీటర్లు ముందుకొచ్చి కూచుంది."

"ఎవరు?"

"ఆ సంచీ అతను."

"ఎందుకు దిగుతానన్నాడు?"

షీబానీ తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆ జాబితాలో మొదటి పేరు అతనిదే."