మీటరు అరవై, ఫోను యాభై అయిదు

"మీ కారు అరవై పోలేదు బావా. యాభై అయిదే పోతా ఉండాది," అన్నాడు మునిరామయ్య, చేతిలోని ఫోను ముందుకు చాపి.

స్టీరింగు పట్టుకున్న రాజారత్నం ముఖం మాడిపోయింది. కారు కొని నెల కూడా కాలేదు. కొడుకు పెండ్లి తొలి పత్రిక తిరుచానూరు అమ్మవారి పాదాల దగ్గర పెట్టడానికి, భార్యతో పాటు కాబోయే వియ్యంకుడు మునిరామయ్యనూ వియ్యపురాలినీ అందులో ఎక్కించుకుని చిత్తూరులో బయలుదేరాడు. పూతలపట్టు దాటారో లేదో, ఈ మాట.

"సూది అరవై మీద నిలబడి ఉండాది కదా బావా. కనపడలేదా?"

"సూదీ కనపడతా ఉండాది, ఫోనూ కనపడతా ఉండాది. ఫోనుకు పైనుంచి ఉపగ్రహాలు చెప్తాయి. వాటికి మీ మీద కోపమూ లేదు, నా మీద ప్రేమా లేదు."

వెనక సీట్లో పసుపు పూసిన పత్రిక పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్న చంద్రకాంతమ్మ, భర్త భుజం మీద వేలితో పొడిచింది.

"ఏమండీ, ఆ ఫోను లోపల పెట్టండి. ఆడపిల్ల తరపోళ్ళం మనం."

మునిరామయ్య వినిపించుకోలేదు. సంబంధం కుదిరిన రోజు నుంచీ తల ఊపడమే ఆయన పని. ముహూర్తం వాళ్ళు చెప్పిందే. మండపం వాళ్ళు చెప్పిందే. ఆఖరికి విందులో ఏ పాయసమో అదీ వాళ్ళు చెప్పిందే. ఈ ఒక్క విషయంలోనైనా తల ఎత్తుకుని కూర్చోవాలని ఉంది ఆయనకు.

"పదెకరాల మామిడి తోట ఉండే ఆసామి," అన్నాడు రాజారత్నం. "వచ్చేటప్పుడు మీ తోట చూసి పోదామని నేను ఆశగా ఉంటే, మీరేమో ఆ ఫోను పట్టుకోని నా కారు పరువు తీస్తా ఉండారు. అంత పెద్ద కంపెనీవాళ్ళు మీటరు తప్పుగా పెడతారా?"

"తప్పు కాదు బావా, కావాలనే రవ్వంత ఎక్కువ చూపిస్తారంట. తక్కువ చూపిస్తే మనం తెలీకుండా స్పీడుగా తోలేస్తాం కదా. మా కోమలి చెప్పింది."

"ఓహో! ఇంట్లో కాలు పెట్టకముందే కోడలు మా కారుకు వంక పెట్టిందా?"

చంద్రకాంతమ్మ పళ్ళేన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పత్రిక అమ్మవారి పాదాలు తాకేలోపే పెండ్లి ఆగిపోతుందేమోనని ఆమె భయం.

ఆమె పక్కనున్న జ్ఞానాంబ, రాజారత్నం భార్య, గట్టిగా నిట్టూర్చింది.

"చాలించండబ్బా! రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు లేవా? అరవైలో పోతే రాయికీ రాయికీ మధ్య ఒక నిమిషం పట్టాల. నా చేతికి గడియారం ఉండాది. నేను చూస్తా. మొగుడని చూడను, వియ్యంకుడని చూడను."

"చూడు, బాగా చూడు," అన్నాడు రాజారత్నం.

సూది అరవై మీద నుంచి కదలకుండా తోలుతున్నాడు. ఒక రాయి వెనక్కి పోయింది. "ఇదో, మొదలు!" అంది జ్ఞానాంబ. చంద్రకాంతమ్మ కండ్లు మూసుకుంది.

"నిమిషం అయిపోయింది. రాయి యాడ?"

రాయి ఇంకా ముందుంది. కాసేపటికి గానీ పక్కకు రాలేదు.

"ఆ రాయి తప్పు చోట నాటినారు," అన్నాడు రాజారత్నం.

రెండో రాయికీ అంతే అయింది.

"ఇదీ తప్పేనా?"

"ఒకే కాంట్రాక్టరు నాటింటాడు."

మూడో రాయి దగ్గర జ్ఞానాంబ పగలబడి నవ్వింది. "ఇంక తిరుపతి దాకా ఉండే రాళ్ళన్నీ పెరికి మళ్ళీ నాటిస్తావా ఏమి?"

రాజారత్నం మీసాలు కదిలాయి. ఆయనకూ నవ్వు ఆగలేదు.

"సరే బావా, ఒప్పుకుంటా ఉండా. గెలిచినారు మీరు. ఉపగ్రహం చెప్పిందే నిజం."

మునిరామయ్య సీటులో వెనక్కి జరిగి, కిటికీ మీద మోచెయ్యి పెట్టాడు. ఆ కారు ఎక్కినప్పటి నుంచి ఆయన అంత దర్జాగా కూర్చోవడం ఇదే మొదలు.

"పైనుంచి చూసేదానికి అబద్ధం తెలీదు బావా! మీటరు ఎక్కువ చెప్తాది, మనిషి అంతకంటే ఎక్కువ చెప్తాడు. అది మాత్రం ఉన్నది ఉన్నట్టే చెప్తాది. దాని మాట మీద ప్రమాణం చెయ్యమన్నా చేస్తా!"

చంద్రకాంతమ్మ మళ్ళీ పొడిచింది. ఈసారి గట్టిగా.

"ఉండవే!" అన్నాడు.

"మా వాడూ ఇదే చెప్తాడు బావా," అన్నాడు రాజారత్నం మనస్ఫూర్తిగా. "ఫోను చేత్తో పట్టుకోని గట్టెంబడి ఒక చుట్టు నడిస్తే చాలంట, చేను ఎన్నెకరాలో అదే చెప్పేస్తాదంట. మా చెరుకు తోట అట్లే కొలిచినాడు. నేను నమ్మలేదు. ఈ పొద్దు మీరు నమ్మించినారు. వచ్చేటప్పుడు మీ దామలచెరువులో దిగి, మీరు చెప్పిన పదెకరాలూ ఈ ఫోనుతోనే ఒక చుట్టు చుట్టేద్దాం."

చంద్రకాంతమ్మ వేలు వెనక్కి తీసుకుంది. ఇంక పొడిచి లాభం లేదు.

మునిరామయ్య కిటికీ మీది మోచెయ్యి దించాడు. ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు. ముందుకు వంగి, సూది వైపు చాలాసేపు చూశాడు.

"ఎట్ల చూసినా మీటరే కరెక్టు బావా," అన్నాడు. "అంత పెద్ద కంపెనీవాళ్ళు తప్పుగా పెడతారా?"