సంబంధం ఉన్నవాళ్ళు బయటికి

ఎవరి పదవి గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషీ, ఆ మనిషి బంధువులూ గదిలో ఉండకూడదని బృంద చదివేసరికి నారాయణసామి చేతిలోని కాఫీ లోటా నోటి దాకా పోకుండానే ఆగిపోయింది.

కోవిల్‌పట్టిలో ఆస్పత్రి రోగులకు తోడు వచ్చినవాళ్ళకి మధ్యాహ్నం అన్నం పెట్టే సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఇంకో విడత ఉండాలా, దిగిపోవాలా అన్నది ఆ సాయంత్రం తేలాలి. శివకాశి దాత ఒకరు అన్నం గుండిగలు మోయడానికి వ్యాను ఇస్తామన్నారు. దానికి బదులుగా సంఘం ఒక నియమావళికి కట్టుబడాలన్నారు. వ్యాను మాట వినగానే నారాయణసామి ముందూ వెనకా చూడకుండా సంతకం పెట్టేశాడు. ఆ నియమాలు వివరించడానికే విరుదునగర్ ఆడిటర్ ఆఫీసు నుంచి బృంద వచ్చింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఆయనకి ఇప్పుడు తెలిసింది.

అయినా ధైర్యంగానే లేచాడు. బంధువులంటే తన ఇంట్లోవాళ్ళేననుకున్నాడు, లోపల కూర్చున్నది దాదాపు అందరూ తనవాళ్ళే. పైగా పొద్దున శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడికి బయల్దేరుతూ చిన్నకూతురు ప్రియ ఎన్నడూ లేనిది కాళ్ళకి మొక్కింది. మొక్కు తన పదవి కోసమేననుకుని, పోయిన పని జయంగా ముగించుకుని రమ్మని మనసారా దీవించి పంపాడు.

ఆయన గుమ్మం దాటబోతుండగా వీరసామి గొంతు సవరించుకున్నాడు. సంఘంలో నారాయణసామికి ఎదురు నిలిచే మనిషి ఈయనొక్కడే. సాంబారులో పప్పు చాలలేదన్న దగ్గర్నుంచి చీపుర్లు ఎక్కడ కొన్నారన్న దాకా అన్నిటికీ తగువే. అధ్యక్షా అనడానికి తమిళంలో ‘తలైవరే’ అని సాగదీసి పిలిచాడంటే అధ్యక్షుడికి ఒళ్ళు మండేది. అలాంటివాడు ఆ రోజు ఆలస్యంగా, దుమ్ము కొట్టుకున్న చొక్కాతో వచ్చి, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు.

“ఏమ్మా, బందువులంటే రక్తసమ్మందమేనా? పిల్లనిచ్చి పుచ్చుకొనేటోళ్ళు గూడానా?” అని అడిగాడు.

పెళ్ళి వల్ల కలిసిన చుట్టరికమూ చుట్టరికమేనంది బృంద.

పెట్టాడు పుల్ల, అని నారాయణసామి పళ్ళు నూరుకున్నాడు. మేనరికాల ఊళ్ళో తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ముందు పొన్నయ్య లేచాడు, ఆయన పెద్దకోడలి తండ్రి. తర్వాత బామ్మర్ది ముత్తురామన్ లేచాడు. మేనకోడలు సుధాలక్ష్మి లేస్తే ఆమె వెనకే ఆమె మొగుడూ, మరిదీ లేచారు. పిన్నమ్మ కొడుకు ఈశ్వరన్ మాత్రం కదల్లేదు. పొలం గట్టు తగాదాతో తమకి మాటలే లేవనీ, కాబట్టి బంధుత్వమూ లేదనీ వాదించాడు. పోట్లాడుకున్నంత మాత్రాన చుట్టరికం పోదని బృంద ఆయన్ని కూడా లేపింది.

గదిలో వీరసామి ఒక్కడే మిగిలాడు. ఎంతమంది మిగిలితే అంతమందే నిర్ణయిస్తారనీ, దానికి అందరూ ఒప్పుకోవాల్సిందేననీ చెప్పి బృంద కూడా బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

వరండాలో అందరూ గుసగుసలాడుతూ వీరసామికి ఏదో ఒక చుట్టరికం అంటగట్టే పనిలో పడ్డారు. పొన్నయ్య ముత్తాతల దాకా పోయాడు. సుధాలక్ష్మి పక్కనున్న సాత్తూరులో జరిగిన పెళ్ళిళ్ళన్నీ తవ్వి చూసింది. ఎంత వెతికినా ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఒక్క ముడి దొరకలేదు. ఆ ఇంటితో మాకు ఇచ్చిపుచ్చుకోవడాలు లేవని కల్యాణ మండపాల్లో మీసం మెలేసి చెప్పుకున్నది నారాయణసామే.

“ఒక్క సమ్మందమన్నా లేకపోయె గదప్పా” అన్నాడు తలపట్టుకుని.

ఆయనకి కుర్చీ మీద మోజు లేదంటే అబద్ధం. వ్యాను మీద తన పేరు ఏ రంగులో రాయించాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. కానీ అంతకంటే పెద్ద దిగులు వేరే ఉంది. మధ్యాహ్నం ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి, ఇంకొంచెం పెట్టించుకోండని నలుగురికీ చెప్పందే ఆయనకి ముద్ద దిగదు. రేపట్నుంచి అక్కడ వీరసామి నిలబడతాడు. అది తలుచుకుంటే ఆయనకి నిజంగానే ఏడుపు వచ్చింది. కండువాతో ముఖం తుడుచుకుని, చెమట అన్నాడు.

తలుపు తెరుచుకుంది. వీరసామి సంచి పట్టుకుని బయటికి వచ్చాడు. అంతలోనే తేల్చేశావా అని అడిగాడు ముత్తురామన్.

“నేను తేల్చేది ఏమీ లేదు. ముందే చెప్పాల్సింది, నోరు రాలేదు” అంటూ వీరసామి సంచిలోంచి పాలకోవా పెట్టె తీసి నారాయణసామి చేతిలో పెట్టాడు. “నేనూ లోపల ఉండగూడదు బావా. పొద్దున ఫోను వస్తే శ్రీవిల్లిపుత్తూరుకి పరిగెత్తితిని. నేను పొయ్యేలోపలే ఆండాళ్ సన్నిదిలో మా పిల్లోడు కుమారవేలూ మీ ప్రియా మాలలు మార్చుకొనేసినారు. జయంగా ముగించుకోని రమ్మని నువ్వే దీవించి పంపితివంట గదా.”